సీసాలో అడవి పెట్టుకోవాలంటే అడవికి పోవద్దు

పైన పెట్టిన వీడియో చూసి ఇటు వచ్చిన వాళ్లకు ఒక మాట. వీడియోలో మూత పెట్టిన గాజు సీసా, దాంట్లో పచ్చటి మొక్కలు, గాజు లోపల చెమట పట్టినట్టు నీటి చుక్కలు అన్నీ చూపించాను గానీ, అసలు చెప్పాలనుకున్నది మిగిలిపోయింది. టెర్రేరియం కట్టడం ఎట్లా అనే వీడియోలు యూట్యూబ్‌లో బోలెడు ఉన్నాయి. కట్టడం పెద్ద విద్య కూడా కాదు. సామాను ఎక్కడి నుంచి తేవాలి అనే దగ్గరే నాకు పేచీ.

వీడియో పెట్టిన వారంలో వచ్చిన ఫోన్లలో ఎక్కువ మంది అడిగింది ఒక్కటే. "అన్నా, కిట్టు లింకు పంపు." కిట్టులో ఏముంటదో నేనూ తెప్పించి చూశాను. పాలిష్ పట్టిన తెల్ల రాళ్లు, చిన్న పొట్లంలో బొగ్గు, ఎక్కడో చలి దేశంలో తవ్విన పీట్ మట్టి, ఎండిపోయిన నాచు, ఒక ప్లాస్టిక్ జింక. పొలానికి బయటి సరుకు కొనొద్దు, ఉన్న ఆవుతో, ఉన్న ఆకుతో చేసుకోవాలని పాలేకర్ గారి పద్ధతి పట్టుకుని ఏళ్లుగా మాట్లాడేది మనమే. ఇంట్లో సీసా దగ్గరికి రాగానే డబ్బా కోసం కొరియర్ బాబుకు ఎదురు చూసేదీ మనమే. పీట్ ఏర్పడటానికి పట్టే కాలం తెలుసా? బురద నేలల్లో ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు. మన సీసాలో మూడు అంగుళాల పీట్ వేస్తే అది డెబ్బై ఎనభై ఏళ్లలో పేరుకున్న నేల అన్నమాట.

పీట్ సంగతి దూరం. నాచు సంగతి దగ్గర. దాంట్లో నా తప్పు కూడా ఉంది కాబట్టి ముందు అదే చెప్తాను.

మూడేళ్ల కింద వానాకాలంలో పట్నం నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. నేను వానపాముల ఎరువు, ఘన జీవామృతం అమ్ముతానని తెలిసి చేశాడు. "మీది ఇచ్చోడ కదా, చుట్టూ అడవే కదా, జలపాతాలు కదా, నాచు పంపుతారా, కిలో లెక్కన తీసుకుంటా" అన్నాడు. నాకు ఆశ పుట్టింది. ఎరువు బస్తా మోసి లారీకి ఎత్తితే మిగిలేదెంతో మీకు తెలియంది కాదు. ఇదేమో ఊరికే బండ మీద ఉన్న పచ్చ. కడెం వాగులో కలిసే ఒక చిన్న వాగు ఉంది మా దిక్కు. ఇద్దరు పిల్లలకు కూలి ఇచ్చి రెండు బస్తాలు గీకించాను. చాప చుట్టినట్టు చుట్టుకుని వచ్చింది, చూస్తే ముచ్చటేసింది. బస్తాల్లో కుక్కి బస్సు మీద వేసి పంపితే అక్కడికి చేరేసరికి సగానికి పైగా గోధుమ రంగు తిరిగి వాసన పట్టింది. పారేశారు. మిగిలిందానికి డబ్బులు వచ్చాయి, కాదనను.

మరుసటి ఏడు శ్రావణంలో అదే వాగు దాటుతుంటే దగ్గరి గోండు గూడెం పెద్దాయన ఒకరు మేకలు కాస్తూ కలిశారు. నన్ను గుర్తుపట్టి, ఆ బండ చూపించి, "బిడ్డా, వానకు దీని మీద ఊదా రంగు పూలు వస్తుండె, సన్నయి. ఈసారి రాలే" అన్నారు. అంతే అన్నారు. తిట్టలేదు. నేను బండ వైపు చూశాను. గీకిన చోట గీకినట్టే, గచ్చు లెక్క నల్లగా ఉంది. పక్కన ముట్టుకోని బండ మీద పచ్చ, ఆ పచ్చలో గింజ గరిక, ఆ సన్న పూలు. ఈ ఏడు కూడా పోయి చూశాను. అంచుల వెంట కొంచెం పచ్చ తిరిగింది, నడుమ ఇంకా నల్లగానే ఉంది.

ఎందుకట్లా అంటే, నాచుకు నిజమైన వేర్లు ఉండవు. పోగుల్లాంటివి ఉంటాయి, వాటితో బండను పట్టుకుంటది. నీళ్లు ఆకులతోనే తాగుతది. ఎండాకాలం చచ్చినట్టు ఎండి, మొదటి వానకు గంటలో పచ్చబడుతది. కొట్టుకొచ్చే దుమ్ము, రాలిన ఆకు పొడి దాని కింద ఆగి ఏళ్ల మీద వేలు మందం మట్టి అవుతది. ఆ పూల మొక్కలు బతికేది ఆ వేలు మందం మట్టిలో. మనం చాప చుట్టినట్టు చుట్టి తెచ్చేది నాచును మాత్రమే అనుకుంటాం, దాని కింది మట్టి, ఆ మట్టిలో గింజ, పురుగు అన్నీ దాంతోపాటే వస్తాయి. పొలంలో పైమట్టి కొట్టుకుపోతే గుండెలు బాదుకునే మనం బండ మీది పైమట్టిని బస్తాల్లో పంపుతున్నాం.

వానలు పడితే కుంటాల, పొచ్చెర దిక్కు కార్లు వరస కడతాయి. రావాలి, చూడాలి, మన జిల్లాకు అదే అందం. కానీ ఈ మధ్య కవర్లలో నాచు, ఫెర్న్ మొక్కలు వేర్లతో పీకి పట్టుకుపోతున్న వాళ్లను నేనే చూశాను. "ఒక్కటే కదా అన్నా" అంటారు. నాకు ఫోన్ చేసినాయనా అట్లనే మొదలుపెట్టాడు. పక్కనే కవ్వాల్ ఉంది, 2012లో టైగర్ రిజర్వు అయింది. అభయారణ్యంలో నుంచి అనుమతి లేకుండా మొక్క గానీ ఇంకేదన్నా గానీ తీయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చట్టం మాట అటుంచినా, జలపాతం తుంపర తాగి బతికిన నాచు మీ హాలులో టీవీ పక్కన బతకదు. దానికి కావాల్సిన చల్లదనం, పారే నీరు సీసాలో ఉండవు. రెండు నెలలకు పసుపు పడుతది, పారేస్తారు, వచ్చే ఏడు మళ్లీ వస్తారు.

మరి నాచు ఎక్కడిది? మీ ఇంట్లోనే ఉంది. నీళ్ల ట్యాంకు పొర్లి గోడ వెంట కారే చోట చూడండి. కాంపౌండు గోడకు ఉత్తరం దిక్కు, కూలర్ నీళ్లు కారే మూల, బోరు దగ్గర గచ్చు, కుండీల అంచులు. మా దిక్కు ఊళ్లల్లో పాకురు అని చీపురుతో, బ్లీచింగుతో కడిగి పారేస్తాం కదా, అది కాళ్లు జారే జిగురు పాకురు. దాని పక్కనే మఖమల్ గుడ్డ లాగ పొట్టిగా నిలబడి ఉండేది నాచు. గోడ మీది నాచు ఎండకూ వేడికీ అలవాటు పడ్డది, మన ఇళ్లలో అదే బతుకుతది. రూపాయి బిళ్లంత ముక్కలు నాలుగు చాలు. పాత గూన పెంకు మీద మొలిచి ఉంటే ఇంకా మేలు, పెంకు ముక్కతో సహా సీసాలో పెట్టండి, కదిలించిన సంగతే దానికి తెలియదు. వీడియోలో కనిపించే నాచు అంతా మా బాయి ఒర మీదిది. నాలుగు ముక్కలు పెట్టాను, ఆరు నెలలకు అట్లా పరుచుకుంది.

ఇప్పుడు మట్టి. నా తొలి సీసా చెడింది ఇక్కడే. మాది నల్ల రేగడి. పత్తికి బంగారం, సీసాకు విషం. డిప్లొమాలో చదివిన పాఠమే: రేగడిలో ఉండే బంకమట్టి నీళ్లు తాగితే ఉబ్బుతది, ఎండితే నెర్రెలు బారుతది. పొలంలో ఎండకు, గాలికి ఆ ఉబ్బు దిగుతది. మూత పెట్టిన సీసాలో ఎండేదే లేదు కాబట్టి ఉబ్బి ఉబ్బి లోపలి గాలి సందులన్నీ మూసేస్తది. పది రోజులకు వేర్లు కుళ్లి, మూత తీస్తే మురికి కాలువ వాసన. సొంత పొలం మట్టే వేయాలని పట్టుబట్టి రెండు సీసాలు పాడు చేసుకున్నాను. పాఠం చదవడం వేరు, సొంత మట్టి మీద మమకారం వేరు.

ఆకు మన్ను వాడండి. మామిడి చెట్టు కింద గానీ, మర్రి కింద గానీ పైన ఎండాకు తోసేస్తే కింద నల్లగా పొడిపొడిగా ఉంటది, పిడికిలి పట్టి వదిలితే విడిపోతది. అది రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, నలగ్గొట్టిన బొగ్గు ఒక పాలు. ఇంతే. ఇసుక బదులు క్రషర్ డస్టు వేయొద్దు, సిమెంటు లెక్క గడ్డ కడుతది. నీలగిరి చెట్టు కింది ఆకు వద్దు, దానికింద గడ్డి కూడా సరిగ్గా మొలవదు, మీకు తెలిసిందే. గడ్డి మందు కొట్టిన చేను గట్టు మట్టి అసలే వద్దు. ఇది తేలిగ్గా చెప్తున్న మాట కాదు. ఇప్పుడు మా దిక్కు గడ్డి మందు పడని గట్టు వెతుక్కోవాల్సి వస్తోంది. సీసా కోసం గుప్పెడు శుభ్రమైన మట్టి వెతకడానికి నేను ఒక పూట తిరిగాను. ఆ పూట నాకు పొలం గురించి తెలిసినంత, శిక్షణల్లో తెలియలేదు.

కొన్ని వీడియోల్లో మట్టిని ఓవెన్‌లో పెట్టి వేడి చేసి, సూక్ష్మజీవులన్నీ చచ్చాకే సీసాలో వేయాలంటారు. ప్రకృతి వ్యవసాయం చేసేవాడు ఇది వింటే కడుపు మండుతది. ఆకు మన్ను తవ్వినప్పుడు తెల్లగా, ఆవగింజలో సగం కూడా లేని పురుగులు ఎగురుతాయి, గమనించారా? స్ప్రింగ్‌టెయిల్స్ అంటారు. అవి బూజును తింటాయి. కొత్త సీసాలో బూజు రాక తప్పదు, దాన్ని కాచుకునేది ఇవే. వీటినీ ఆన్‌లైన్‌లో డబ్బాల్లో అమ్ముతున్నారు, నమ్మండి. మీ మామిడి చెట్టు కింద ఉచితం. చీమలు, నత్తలు, రోకలిబండలు ఉంటే మాత్రం ఏరేయండి. వానపాము కనిపిస్తే చెట్టు కిందే వదిలేయండి, ఆ ఇరుకులో అది బతకదు.

బొగ్గుకు నేను పత్తి కట్టె వాడతాను. ఏరుడు అయిపోయాక మనోళ్లు చేలోనే కుప్పేసి తగలబెడతారు, పొగతో కళ్లు మండుతాయి, మిగిలేది బూడిద. అదే కట్టెను గుంతలో వేసి, మంట పట్టాక పైన మట్టి కప్పి గాలి ఆడకుండా చేస్తే బొగ్గు మిగులుతది. ఎకరానికి వచ్చే కట్టెతో బస్తాలకొద్దీ బొగ్గు చేసి జీవామృతంలో నానబెట్టి పొలానికి వేయొచ్చు, అది వేరే వీడియోలో చెప్పాను. సీసాకు గుప్పెడు చాలు. కట్టెల పొయ్యి బొగ్గైనా సరే. బూడిద దులిపి, ఒకసారి కడిగి వాడండి. కిరసనాయిలు పోసి అంటించిన బొగ్గు వద్దు.

అడుగున రాళ్ల గురించి ఒక అపోహ ఉంది. రాళ్లు వేస్తే నీళ్లు కిందికి జారిపోయి మట్టి పొడిగా ఉంటదని అనుకుంటారు. కాదు. సన్న మట్టి కింద ముతక రాయి ఉంటే, పై మట్టి నిండా నానేదాకా నీళ్లు దిగవు. రాళ్ల ఉపయోగం ఏమిటంటే, ఎక్కువ పోస్తే అడుగున నీళ్లు నిలిచి మన కంటికి కనబడుతుంది. సీసాకు కింద బెజ్జం లేదు కదా, అదొక్కటే కొలత. అందుకు పాలిష్ రాళ్లు దేనికి? ఊళ్లో పాత ఇండ్లు పడగొట్టి స్లాబు వేస్తున్నారు, గూన పెంకులు కుప్పలుగా పడి ఉంటున్నాయి. ముక్కలు కొట్టి అంగుళం మందం పరచండి. పైన గుడి దగ్గర కొట్టిన కొబ్బరికాయల పీచు కొంచెం పరిస్తే మట్టి కిందికి జారదు.

సీసా పచ్చడిదైతే బాగా కడగాలి. ఉప్పు, నూనె మిగిలితే మొక్క బతకదు. వేడి నీళ్లు, కుంకుడు పులుసు, రెండు రోజులు ఎండ. మూతకు ఇంకా మామిడికాయ వాసన వస్తుంటే మూత బదులు అద్దం ముక్క పెట్టండి. చెయ్యి పట్టేంత మూతి ఉండాలి, లేకపోతే మొక్క పెట్టేటప్పుడు నోటికొచ్చిన తిట్లన్నీ వస్తాయి.

జీవామృతం మాట అడుగుతారని తెలుసు, అడిగారు కూడా. నేను వేశాను. ఒక్క చెంచానే కదా అని వేశాను. నాలుగో రోజుకు మట్టంతా తెల్ల బూజు, వారానికి మొక్కలు పాకం. బెల్లం, పిండి ఉన్న ద్రవం అది. రెండు వందల లీటర్లు ఎకరం నేల మీద పరుచుకుని, గాలి ఆడుతూ పని చేసేది. సీసాలో వేస్తే సూక్ష్మజీవులు ఒక్కసారి పెరిగి ఉన్న గాలి అంతా అవే తాగేస్తాయి. ఇంకో సంగతి కూడా ఉంది. పొలం నుంచి మనం పంట కోసి బయటికి తీసుకుపోతాం, అందుకే నేలకు తిరిగి ఇస్తూ ఉండాలి. సీసా నుంచి బయటికి పోయేది ఏమీ లేదు. రాలిన ఆకే ఎరువు, ఆవిరైన నీరే వాన. ఇంగ్లండులో డేవిడ్ లాటిమర్ అనే ఆయన 1960లో పెద్ద సీసాలో ఒక్క ట్రాడెస్కాన్షియా మొక్క పెట్టాడు. చివరిసారి నీళ్లు పోసింది 1972లో. తర్వాత మూత బిగించేస్తే దశాబ్దాలు పచ్చగా నిలిచింది. ఎరువుల కంపెనీ వాళ్లకు ఈ కథ చెప్పకండి.

అసలు ఈ సీసా తోట పుట్టిందే ఏమీ సేకరించకుండా. 1829లో లండన్‌లో నథానియల్ వార్డ్ అనే డాక్టరు, సీతాకోకచిలుక జాతి పురుగు ప్యూపాను తడి మట్టితో సీసాలో పెట్టి మూత వేశాడు. పురుగు కోసం పెడితే, మట్టిలో నుంచి ఒక ఫెర్న్, ఒక గడ్డి మొలక లేచాయి. బయట పొగలో ఆయన పెంచబోయిన ఫెర్నులు చచ్చిపోతుంటే, సీసాలో తమంతట తాము వచ్చినవి దాదాపు నాలుగేళ్లు బతికాయి. ఆ గాజు పెట్టెల్లోనే తర్వాత తేయాకు మొక్కలు చైనా నుంచి మన దేశానికి ఓడల్లో వచ్చాయి. అది వ్యాపారం, దోపిడీ కలిసిన పెద్ద కథ. నాకు నచ్చేది మొదటి సీసా. పెట్టింది మట్టి ఒక్కటే.

అదే ఇక్కడ చేసి చూశాను. జీవామృతంలోకి గట్టు మన్ను గుప్పెడు తెస్తాం కదా, ఆ మన్ను ఇంకో రెండు గుప్పెళ్లు తెచ్చి సీసాలో వేసి, వాన నీళ్లు చల్లి, మూత పెట్టి, కిటికీ దగ్గర ఉంచాను. మొక్క పెట్టలేదు. మూడో వారానికి రెండు గడ్డి పోచలు, కుండీల పక్కన తడిలో మొలిచే మెత్తటి కాడల కలుపు ఒకటి, నాలుగో నెలలో గోరంత ఫెర్న్. వీడియో చివర్లో చూపించిన చిన్న సీసా అదే. అందంగా లేదని ఒకరిద్దరు అన్నారు. నా లెక్కలో మూడింటిలో అదే మేలైనది.

మీకు మొక్కలు పెట్టాలనే ఉంటే ఫిట్టోనియా, చిన్న ఫెర్న్ లాంటివి నర్సరీలో దొరుకుతాయి, ఆ చిన్న కవర్లలో చాలా మటుకు కడియం నుంచి వచ్చేవే. బాయి గోడ మీద నల్ల కాడల ఫెర్న్ ఉంటే ఒక్క పిలక చాలు, తల్లి మొక్కను ఉంచండి. కలబంద, కాక్టస్ వద్దు, మూత కింద కుళ్లుతాయి. తులసికి గాలి కావాలి, వదిలేయండి. నీళ్లు వాన నీళ్లైతే మంచిది, మా బోరు నీళ్లు పోస్తే గాజు నిండా తెల్ల మరకలు. పొద్దున గాజుకు ఆవిరి పట్టి మధ్యాహ్నానికి విడిపోతే లెక్క సరిపోయింది. రోజంతా ఆవిరి ఉంటే ఒక పూట మూత తీయండి. అసలే పట్టకపోతే రెండు చెంచాలు చల్లండి. నేరుగా ఎండ తగలొద్దు. మన ఆదిలాబాద్ మే నెలలో ఎండ పడిన సీసా అంటే ప్రెషర్ కుక్కరే. చలికాలం రాత్రి కిటికీ దగ్గర నుంచి లోపలికి జరపండి, మన చలి సంగతి చెప్పాలా.

నాచు అడిగినాయన ఈ జూన్‌లో మళ్లీ ఫోన్ చేశాడు. వానలు మొదలైనాయి కదా, ఈసారి నాలుగు బస్తాలు, రేటు కూడా పెంచుతా అన్నాడు. లేదన్నాను. "వేరే వాళ్లు పంపుతారు లెండి" అన్నాడు. పంపుతారేమో, నిజమే. మీ బిల్డింగు మీద నీళ్ల ట్యాంకు ఉందా అని అడిగాను. ఉంది అన్నాడు. పొర్లుతదా? రోజూ పొర్లుతది, వాచ్‌మన్‌తో లొల్లి అన్నాడు. ఆ గోడకు ఉత్తరం దిక్కు పోయి చూడుమన్నాను. నవ్వి పెట్టేశాడు. పది రోజులకు వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది, సిమెంటు పెచ్చు మీద అరచేయంత పచ్చ. కింద రాశాడు: "అన్నా, ఇది నాచేనా, పాకురా?"

నాచే. పెచ్చుతో సహా తీయమని చెప్పాను.